ఆముదం తాగిన ఫట్‌ఫటి

పోయిన వారం డాక్టరు నా మోకాళ్ళను అటూ ఇటూ వంచి చూసి, వాటిలోంచి వచ్చిన చప్పుడు విని, ఇక మందుల వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని మర్యాదగా సూచిస్తూ, రోజూ పొద్దున కాస్త ఆముదం రాసుకోమన్నాడు. మా కోడలు సీసా తెచ్చి మూత తీసిందో లేదో, నేను మోకాళ్ళ సంగతి మరిచిపోయాను; సిద్దిపేటలో మా మామ ఇంటి పెరడూ, దాని చుట్టూ మనిషి ఎత్తుకు మించిన మట్టిగోడా, ఆ గోడవారగా నిలబెట్టిన మోటారు సైకిలూ కళ్ళ ముందుకొచ్చాయి. నా ఈడు వాళ్ళలో చాలామందికి ఆముదం అనగానే చిన్నతనంలో ముక్కు మూసి తాగించిన పొద్దుటి పూట అవమానం గుర్తుకొస్తుంది. నా అవమానం కొంచెం పెద్దయ్యాక, బి.ఏ. ప్యాసయ్యాక జరిగింది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. సిద్దిపేట బజారులో ఆయనకు బట్టల దుకాణం ఉండేది. వారానికి రెండుసార్లు దుబ్బాక పోయి, నేతగాళ్ళ ఇళ్ళ దగ్గర చీరలూ తువ్వాళ్ళూ మూటగట్టుకుని వచ్చేవాడు. ఎద్దుబండి మీద ఆ పనికి రోజంతా పట్టేది. అందుకని, ఆ ప్రాంతంలో పనిచేసి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర అప్పటికే పదిహేనేళ్ళ వయసున్న మోటారు సైకిలును కొన్నాడు. ఊరంతా దాన్ని ఫట్‌ఫటి అనేది. ఆ ఇంజనీరు బండితోపాటు నూనె మరకలు పడ్డ పల్చటి ఇంగ్లీషు పుస్తకాన్ని కూడా ఇచ్చిపోయాడు. ఏ పని ఎన్ని మైళ్ళకొకసారి చెయ్యాలో, చెయ్యకపోతే ఏమవుతుందో అందులో రాసి ఉంది. మామ ఆ పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుట్టి, పంచాంగం పక్కన పెట్టుకున్నాడు. రెండింటినీ ఆయన చదవలేడు. రెండింటి మీదా ఆయనకు సమానమైన భక్తి.

నేను చరిత్ర చదువుకున్నాను. యంత్రాలతో నా పరిచయం అంతకుముందు చేతి గడియారం దాకా కూడా పోలేదు, ఎందుకంటే నాకు గడియారం లేదు. కాని మామ దృష్టిలో ఇంగ్లీషులో ఉన్నదంతా ఒకే సబ్జెక్టు. పట్నంలో చదువు ముగించుకుని వారం రోజులు ఉండి పోదామని వచ్చిన నా చేతిలో ఆయన ఆ పుస్తకం పెట్టాడు. నేను మొదటి పేజీ గడగడా చదివి వినిపించాను. యౌవనంలో మనిషి చేసే తప్పులు పెద్దవాళ్ళు భయపడేంత రంగురంగులుగా ఏమీ ఉండవు, నాది ఇదే. ఆ వారం రెండేళ్ళయింది.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. పెట్రోలు కూపన్ల మీద కొలిచి ఇచ్చేవాళ్ళు. ఇంజనుకు పోసే నూనె మాత్రం ఏ కూపనుకూ దొరకలేదు. అయితే నూనె లేనిచోట ఆముదం వాడవచ్చునని పుస్తకంలోనే ఒక మూల చిన్న అక్షరాలతో ఉంది. మా వైపు చేలల్లో ఆముదపు చెట్లకు కొదవ లేదు. ఆ విధంగా మా అత్త, అంటే మామ భార్య, ఈ కథలోకి వచ్చింది. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను ఇత్తడి గిన్నెలోకి తీసి, చిటపటలు ఆగేదాకా మళ్ళీ కాచి, గుడ్డలో వడగట్టేది. అంత కష్టపడి తీసిన నూనెను ఇంకొకరి చేతికివ్వడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు, కనుక ఇంజనులో పోసేది కూడా ఆమే. పోసేముందు దాని నుదుటి మీద, అంటే దీపం కింద, ఒక బొట్టు పెట్టేది. మామ బజారులో పోతుంటే వెనక ఆముదం పొగ తెరలుగా లేచేది. కడుపు పట్టేసిన పిల్లలు ఆ వాసనకు ఇళ్ళలో దాక్కునేవాళ్ళని చెప్పుకునేవారు. నేను చూడలేదు, కాని నమ్మాను.

ఆముదంతో ఒక చిక్కుంది. అది బాగా పనిచేస్తుంది, ఆ పైన బంకై కూర్చుంటుంది. పుస్తకం ఏడాదికోసారి చెయ్యమన్న పని మేము రెండు నెలలకోసారి చెయ్యాల్సి వచ్చేది. మైళ్ళు చూపే ముల్లు ఎప్పుడో ప్రాణం విడిచింది. అందుకని దుబ్బాక ప్రయాణాలు లెక్కబెట్టుకుని, కొన్ని ప్రయాణాలకొకసారి అడుగు బిరడా విప్పి పాత నూనె కార్చడం, ఇంకొన్నిటికి ఇంజను మూత తీసి లోపల పేరుకున్న మసిని వెదురు బద్దతో గీకడం, వాల్వులను సానపొడితో నూరడం, ప్లగ్గు తోమడం, గొలుసు బిగించడం, ఇదీ నా దినచర్య. వాల్వుకూ దాని కింది కడ్డీకీ మధ్య ఎంత సందు ఉండాలో పుస్తకం అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పేది. అంత సన్నటి కొలత సిద్దిపేటలో ఎవరి దగ్గరా లేదు కనుక నా కాలేజీ నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆ సందులో దూర్చి చూసేవాణ్ణి. మొగలుల పతనం గురించి నేను రాసుకున్న నోట్సంతా ఆ రకంగా ఏదో ఒక ప్రయోజనానికి వచ్చింది.

గొలుసును పశువుల కొవ్వు కరిగించి అందులో నానబెట్టమని పుస్తకం. ఆ మాట ఆ ఇంట్లో పైకి చదివితే బండీ పుస్తకమూ నేనూ ముగ్గురమూ ఒకేసారి వీధిలో ఉండేవాళ్ళం. నేను దాన్ని మైనం అని చదివాను. అత్త మైనంలో దీపపు మసి కలిపి ఇచ్చింది, గొలుసు సంతోషంగా తిరిగింది. అప్పుడు నాకొక సంగతి తెలిసివచ్చింది: నేను ఏది చదివితే పుస్తకంలో అదే ఉన్నట్టు.

ఇంత సేవ చేస్తున్నా బండి ఎక్కి ఒక్క ఫర్లాంగు పోయే యోగ్యత నాకు లేదు. కూపను పెట్రోలు దుబ్బాకకే చాలేది కాదు. పొద్దున్నే నేను దాన్ని తుడిచి, తోసి, దర్వాజ దాకా తెచ్చి అప్పగిస్తే, మామ తలపాగా బిగించి ఎక్కి పోయేవాడు. ఆ చప్పుడు చెరువు కట్ట దాటి సన్నబడేదాకా వింటూ నిలబడి, తలుపు మూసుకుని మళ్ళీ పెరట్లోకి వచ్చేవాణ్ణి. నాతో చదివినవాళ్ళు ఒకడు సర్కారు కచేరీలో గుమాస్తాగా చేరాడని, ఒకడు వకాలతుకు చదువుతున్నాడని ఉత్తరాలు రాసేవారు. నేను జవాబులో ఆరోగ్యంగా ఉన్నానని రాసేవాణ్ణి, అది నిజమే. ఒక్కోసారి మధ్యాహ్నం పూట ఆ గోడల మధ్య కూర్చుని, గోళ్ళలో మసి గీక్కుంటూ, ఇంకా ఎన్నేళ్ళు అని లెక్కేస్తే, బండి ఆయుష్షు నా ఆయుష్షు కంటే గట్టిగా కనబడేది. బండిని బాగా చూసుకుంటే నన్ను వదలరు. సరిగా చూసుకోకపోతే అది నేర్చుకునేదాకా వదలరు.

పట్నం నుంచి ఉద్యోగపు పిలుపులు రెండు వచ్చి, గడువు తీరి, పుస్తకంలోనే పేజీ గుర్తులుగా మిగిలిపోయాయి. మూడోది ఒక బడిలో ఇంగ్లీషు పంతులు ఉద్యోగం. దసరా సెలవులయ్యి బడి తెరిచేనాటికి వచ్చి చేరాలి, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని, ఇదే చివరి మాట అని రాశారు. పెద్దవాళ్ళ మాట కాదని మూట సర్దుకుని పోవడం ఆ కాలంలో మా ఇళ్ళలో లేదు. నాయిన పోయిన తరువాత నాకు పెద్ద దిక్కు మామే. ధైర్యం చేసి ఉత్తరం చూపించాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“పట్నంల పంతుళ్ళు మస్తుగున్నరు అల్లుడా,” అన్నాడు, “సిద్దిపేటల ఫట్‌ఫటి ఒక్కటే ఉన్నది.”

ఇక ఆ మాట మీద వాదన లేదు. బడి తెరవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

సరిగ్గా ఆ మరుసటి రోజే మామ స్నేహితుడొకాయన, పటాలాలకు సరుకు అందించే గుత్తేదారు, పట్నం నుంచి ఒక రేకు డబ్బా పంపాడు. అందులో ఉన్నది అసలు సిసలు విలాయతి ఇంజను నూనె. మామ ఆ డబ్బాను దుకాణంలో రెండు పూటలు నలుగురికీ చూపించి, ఇంటికి తెచ్చి, నన్ను పిలిచి పుస్తకం విప్పమన్నాడు. అత్త వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

ఇంజనులో అప్పటికి సగం దాకా ఆముదం ఉంది. దాని మీదే ఈ కొత్త నూనె పోయవచ్చునా అని మామ ప్రశ్న. పుస్తకంలో ఈ విషయం దొంగచాటుగా ఏమీ లేదు. మందపాటి అక్షరాలతో ఉంది. ఆముదం, భూమిలోంచి తీసిన నూనె ఒకదానితో ఒకటి కలవవు. ఒకదాని మీద ఒకటి పోస్తే గడ్డకట్టి నూనె దారులు మూసుకుపోతాయి, ఇంజను బిగుసుకుపోయి పనికిరాకుండా పోతుంది. ముందు పాతది పూర్తిగా కార్చి, లోపల కడిగి, ఆ తరువాతే కొత్తది పోయాలి. నేను ఆ వాక్యం దాకా ఇంగ్లీషులోనే చదివి ఆగాను. ఇంజను పనికిరాకుండా పోతే బండి ఉండదు. బండి లేకపోతే దాన్ని చూసేవాడు అక్కరలేదు. బడి తెరవడానికి పదిరోజులు.

“పొయ్యొచ్చు మామా,” అన్నాను. “ఏం ఫరక్ పడదని రాసిన్రు.”

నా జీవితంలో నేను చేసిన అనువాదాల్లో అంత స్వేచ్ఛగా చేసింది మరొకటి లేదు. మామ తృప్తిగా తలూపి, రేపు పొద్దున బండి తీసేలోపు నూనె పోసి పెట్టమని అత్తకు చెప్పి, దుకాణానికి వెళ్ళిపోయాడు. నేను ముందు గదిలో చాప మీద పడుకుని, పట్నంలో ఏ పేటలో గది కిరాయికి తీసుకుంటే బడికి దగ్గరవుతుందో ఆలోచించాను.

మర్నాడు పొద్దున మామ బయలుదేరాడు. చప్పుడు కట్ట దాటింది. నేను ఇంకాసేపటికి ఎవరో ఒకరు పరుగున వచ్చి, మామ బండిని తోసుకుంటూ వస్తున్నాడని చెబుతారని కూర్చున్నాను. ఏమీ తోచక పుస్తకం తిరగేస్తుంటే, ఆ తరువాతి పేజీలో, నేను ఎప్పుడూ పట్టించుకోని ఒక పేరా కనబడింది. బండి వేగంగా పోతున్నప్పుడు ఇంజను బిగుసుకుంటే వెనక చక్రం ఉన్నపళంగా నిలిచిపోతుందని, నడిపేవాడు ఎగిరిపడే ప్రమాదముందని అందులో ఉంది. అప్పటిదాకా నేను బండి గురించే ఆలోచించాను. దాని మీద మామ కూర్చుని ఉంటాడనే వివరం నా చదువులో ఎక్కడో జారిపోయింది.

ఆ పూట నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. దుబ్బాక దారి మొదట దాకా నడిచి వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాను. వచ్చే ప్రతి ఎద్దుబండిలోనూ ఏముందో తొంగి చూశాను. పోయినవాడు మంచివాడు, నన్ను చదువు మానమని ఎన్నడూ అనలేదు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాడు, పిల్లలు లేని లోటు నన్ను చూసి మరిచానని అత్తతో అన్నాడు. ఇవన్నీ ఆ రాయి మీదే ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి; అంతకుముందు రెండేళ్ళలో ఒక్కటీ రాలేదు. పొద్దు వాలుతుండగా దూరం నుంచి ఫట్ ఫట్ మని వినిపించింది. మామ మూట వెనక కట్టుకుని, తలపాగా కూడా చెదరకుండా వచ్చి, నా పక్కన ఆపి, కొత్త నూనెకు బండి వెన్నలాగా పోతోందని, నా చదువు వృథా పోలేదని అన్నాడు. పొగలో ఆముదం వాసన లేదు.

ఇంటికి వచ్చి పెరట్లోకి పోయాను. అత్త పొయ్యి బూడిదతో ఇత్తడి గిన్నె తోముతోంది. పక్కనే ఒక కుండలో, నల్లగా చిక్కగా, నిన్నటిదాకా ఇంజనులో ఉన్న ఆముదమంతా ఉంది. మరలు విప్పే పానాలు నేను పెట్టిన చోటే ఉన్నాయి, నేను పెట్టినదానికంటే శుభ్రంగా.

ఆమే తలెత్తకుండా చెప్పింది.

“రెండు నూనెలు ఒక్క గిన్నెల వోసి జూసిన అల్లుడా. ఎంతసేపు జూసినా కలువలే. గట్లాంటివి రెండు ఒక్క కడుపుల వోస్తరా? కింది మర ఇప్పి, పాతదంత తీసి, గాసునూనెతోని కడిగి, గప్పుడు వోసిన.”

గాసునూనె, అంటే కిరసనాయిలు, ఆ రోజుల్లో దీపానికి కూడా కొలిచి వాడుకునేది. ఇంట్లో ఉన్నదంతా ఆమె ఇంజను కడగడానికి వాడేసింది. నేను తడబడుతూ, పుస్తకంలో అలా లేదని ఏదో అనబోయాను.

“బుక్కుల ఏమున్నదో నాకు దెల్వది,” అంది అత్త. “నువ్వు సదువుకుంట సదువుకుంట ఒక్కకాడ ఆగినవ్. ఆగి మీ మామ మొకం జూసినవ్. బుక్కు సదివెటోనికి మనిషి మొకంతోని ఏం పని?”

అంతవరకు నేను కాలేజీలో రెండు పరీక్షల్లో కాపీ కొట్టి కూడా దొరకని మనిషిని. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె గిన్నె కడిగి బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు నన్ను చూసింది.

“పోవాల్నంటె పో బిడ్డా. దాన్ని సంపి పోకు. దాని మీద ఆయన గూసుంటడు.”

ఆ తరువాతి నాలుగు మధ్యాహ్నాలు, మామ దుకాణంలో ఉన్న వేళల్లో, నేను అత్తకు బండి పని నేర్పాను అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి రెండేళ్ళుగా వంటింటి గడప మీంచి చూసి ఆమె దాదాపు అంతా నేర్చుకునే ఉంది. నేను కాగితం దూర్చి కొలిచే వాల్వు సందును ఆమె చెవితో కొలిచేది. కుడివైపుది సరిగా తట్టడం లేదని అంటే, నేను కాగితం పెట్టి చూసి అవునని ఒప్పుకునేవాణ్ణి. కొన్ని మరలు నేను రెండేళ్ళుగా తప్పు వైపు నుంచి విప్పుతున్నానని కూడా ఆమె వల్లే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, బి.ఏ. చదివినోనికి ఎట్ల చెప్పుదునని అంది.

మిగిలింది మామ. ఆయనను ఒప్పించగలిగేది భూమ్మీద ఒక్క పుస్తకమే కనుక, ఒకరోజు భోజనాలయ్యాక నేనే దాన్ని విప్పి, చివరి పేజీలో ఇన్నాళ్ళూ చూడని ఒక ముఖ్యమైన హెచ్చరిక కనబడిందని చెప్పాను. పాత ఇంజనుకు చేతులు మారితే అచ్చిరాదని, నూనె పోసే చెయ్యి ఏదైతే మొత్తం ఆలనాపాలనా ఆ ఒక్క చేతి మీదే సాగాలని, లేకపోతే పూచీ లేదని గంభీరంగా చదివాను. నిజానికి ఆ పేజీలో ఉన్నది ఆ బండి తయారుచేసినవాళ్ళు అమ్మే ఇతర సరుకుల జాబితా. మామ చాలాసేపు ఆలోచించాడు. నూనె పోసేది మీ అత్తనే గదా అని పైకే అనుకున్నాడు. వంటింట్లోంచి అత్త, ఇంగ్లీషోళ్ళకు ఆమాత్రం తెలివుంటది తియ్యమని అంది. దాంతో ఆయన, తుడిచేదీ నూనె పోసేదీ ఒకరే అయితే ఇక నేను అడ్డమేనన్న నిర్ణయానికి వచ్చాడు. మరమ్మతు అంటే ఆయన దృష్టిలో అంతే. మూత విప్పడాలూ నూరడాలూ ఆయన కళ్ళారా ఎన్నడూ చూడలేదు.

బడి తెరిచే ముందురోజు నేను బొగ్గుతో నడిచే బస్సెక్కి పట్నం చేరాను. పుస్తకం నీ దగ్గరే ఉండనీ, నాకెందుకని అత్త నా మూటలో పెట్టింది. కనుక పుస్తకం నాతో వచ్చింది, బండి ఆమె దగ్గర ఉండిపోయింది, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

ఆ తరువాత సెలవులకు పోయినప్పుడల్లా మామ పదిమందిలో నన్ను చూపించి, వీడు ఒక్కసారి కట్టుదిట్టం చేసిపోయాడు, ఇన్నేళ్ళయినా బండి ఒక్క దినం దారిలో ఆగలేదని పొగిడేవాడు. నేను వినయంగా తల దించుకునేవాణ్ణి. ఆయన పొగిడిన ప్రతిసారీ అత్త నా విస్తట్లో ఒక ముద్ద ఎక్కువ వడ్డించేది. అది ఆప్యాయతో శిక్షో నాకు తెలియలేదు, తినడం మాత్రం తప్పేది కాదు. ఆమె గోళ్ళ చివర సన్నటి నల్లటి గీత ఉండేది. చూసినవాళ్ళు పొయ్యి మసి అనుకునేవాళ్ళు. నిజం చెప్పడానికి నాకు చాలా అవకాశాలు వచ్చాయి, ఒక్కటీ వాడుకోలేదు. చెబితే మామ నమ్మేవాడు కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆయన పోయేదాకా అదే మాట చెప్పుకున్నాను.

ఆ దశాబ్దం ముగిసే వేళకు యుద్ధం పోయింది, రాజ్యం మారింది, దుబ్బాకకు రోజూ బస్సు పడింది. మామ బండిని వర్గల్ వైపు ఒకాయనకు అమ్మేశాడు. అమ్మిన రోజు నేను సెలవు మీద అక్కడే ఉన్నాను. సాయంత్రం పెరట్లో అత్త, బండి నిలబడే చోట నేలకు పట్టిన నూనె మరక మీద మట్టి చల్లుతోంది. ఏదో ఒకటి మాట్లాడాలని, ఇన్నేళ్ళల్లో ఒక్కసారైనా దాని మీద ఎక్కావా అత్తమ్మా అని అడిగాను. అడిగాక, అడగకుండా ఉండాల్సిందనిపించింది. ఆ కాలంలో ఆడవాళ్ళు దాని మీద ఎక్కడమనే మాట ఎక్కడిది?

“ఒక్కపారి ఎక్కిన,” అంది. “ఇంట్ల ఎవ్వలు లేకుండ్రి. స్టాండేసి, ఇంజన్ చాలు జేసి, మీద గూసున్న. ఎనుక చక్రం గాలిల తిరుగవట్టె.”

ఎంతసేపు కూర్చున్నావని అడిగాను.

“సేపు యాదికి లేదు,” అంది, మట్టి చల్లుతూనే. “శానా దూరం పోయిన.”

ఇప్పుడు ఆ పెరడు లేదు; గోడలు తీసేసి అక్కడ దుకాణాల వరుస లేపారు. సిద్దిపేటలో ఇంటికి రెండు బండ్లున్నాయి. ఏ బండికి ఏం చేశారో కంప్యూటరు కాగితం మీద అచ్చేసి ఇస్తారు, చేసినవాళ్ళ పేరుతో సహా. ఆడపిల్లలు ఆఫీసులకు, కాలేజీలకు బండ్ల మీద పోతున్నారు, ఎవరూ తలతిప్పి చూడడం లేదు. అత్తకు ఇవేవీ చూసే వీలు కలగలేదు. నేను ఆ బడి నుంచి ఇంకో బడికి, అక్కడి నుంచి ఆఫీసుకు, ఆ పైన జిల్లా జిల్లాకు బదిలీలయ్యి, ప్రభుత్వ ఖర్చుతో చాలా ఊళ్ళు తిరిగాను. ఆ గోడల మధ్య నుంచి మొదట బయటపడినవాణ్ణి నేనేనని ఎన్నో ఏళ్ళు నమ్మాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.